మార్లవాయి బడి, మన ఫోను
1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము నేలకొరిగాకే నిజాం సర్కారుకు మనం గుర్తొచ్చాం. హైమన్‌డార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు ట్రైనింగ్ మొదలైంది. మొదటి వాచకాలు గోండీలోనే, లిపి మాత్రం దేవనాగరి. మన లిపి గుంజాలలో చేతిరాత పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది.

మరి బడిలో? ట్యాబ్‌లో వీడియో చూపిస్తే ప్రాజెక్టు చదువు అయిపోదు. "మన వాగుకు ఈ పేరెలా వచ్చింది?" అని పిల్లలకు ప్రశ్న ఇద్దాం. పెద్దల మాట ఫోన్‌లో రికార్డు చేస్తారు. ఇద్దరు తాతలు రెండు కథలు చెప్తారు (చెప్పకుండా ఉంటారా!). ఏది నిలుస్తుందో పిల్లలే తేల్చాలి, అసలు చరిత్ర పాఠం అక్కడుంది. తేల్చింది గుంజాల లిపిలో టైపు చేయాలి. నోటో ఫాంట్ ఉచితమే. ఈ సెలవుల్లో ఏ గూడెంతో మొదలుపెడదాం?