చెంచుపెంట: జనసంఖ్యయు జీవనోపాయములును

నల్లమల యడవులలోఁ జెంచుల నివాసమునకుఁ బెంట యని పేరు. చెంచుల మాతృభాష తెలుఁగే. అయినను మైదానమునఁ బేడకును జెత్తకును జెల్లు నీ శబ్దము కొండమీఁదఁ గొన్ని గుడిసెల సమూహమును దెలుపును. రాంపూర్ పెంట, ఈర్లపెంట మొదలగు నామములు అమ్రాబాదు పీఠభూమియందు వ్యవహారమున నున్నవి. పెంటను జిన్నయూరని తలంచుట పొరపాటు. ఊరికిఁ బొలము మూలము. పెంటకు నడవి మూలము. ఈ భేదము నెఱుంగని జనగణనము సంఖ్యను దెలుపునేకాని బ్రదుకును దెలుపఁజాలదు.

2011 జనగణనమున ఉమ్మడి యాంధ్రప్రదేశమునఁ జెంచులు 64,227 మందిగాఁ దేలిరి. వీరిలోఁ బెక్కండ్రు అడవి యంచులందలి పల్లెలలో నుండి కూలిపనిచే బ్రదుకువారు. లోపలి పెంటలు మిక్కిలి చిన్నవి. 1940లో నిచ్చటఁ బరిశోధించి, 1943లో గ్రంథమును వెలువరించిన హైమెన్‌డార్ఫ్ పండితుఁడు చూచిన పెంటలును గొలఁదిపాటి గుడిసెలు గలవియే. ఈ యల్పత్వము క్షీణతకు గుఱుతు కాదు. ఒకచోటి నీరును దుంపలును నెందఱిని బోషింపఁగలవో యందఱే యచట నిలుతురు. జనము హెచ్చినచోఁ గొన్ని కుటుంబములు విడివడి, చుట్టఱికము గల వేఱొక పెంటఁ జేరును. చిగుర్ల, నిమ్మల, ఉడుతల మొదలగు వంశములవారు స్వవంశమునఁ బెండ్లియాడరు గావున, పెంటకును బెంటకును సంబంధము తప్పదు.

జీవనోపాయములలో దుంపలు త్రవ్వుట ప్రధానము. ఇనుపమొన గల కఱ్ఱతో స్త్రీపురుషు లిరువురును నూలగడ్డ మొదలగువానిని దీసి తిందురు. వేసవిలో నిప్పపువ్వు, మొఱ్ఱిపండ్లు, తునికిపండ్లు లభించును. అప్పుడు కుటుంబములు పెంటను విడిచి, చెట్లును నీరును గల తావులఁ దాత్కాలికముగ వసించి, వానలతో మరలి వచ్చును. విల్లమ్ములతో వేఁట పూర్వాచారము. 1972 నాఁటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నది నిషిద్ధమయ్యెను. తేనె తీయుట సాహసకార్యము. కొండచఱియఁ ద్రాటితో దిగి పట్టు గోయువాని ప్రాణము పైనుండి త్రాడు పట్టినవాని చేతిలో నుండును. ఆ త్రాటిని బావమఱఁది పట్టుట యాచారము. తోఁబుట్టువు విధవ యగుట కెవ్వఁడు నొల్లఁడుగదా! ఇట్లు వివాహసంబంధమే జీవనమునకు నూఁతయైనది. తేనెను దపసిబంకను జింతపండును విక్రయించి యుప్పును, బట్టను, ధాన్యమును గొందురు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ యిట్టి సరకులను గొనుచు వచ్చినది.

1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము అభయారణ్యము పులుల సంరక్షణ పథకములోఁ జేరినది. అప్పటినుండి పెంటలను వెలుపలికిఁ దరలింపవలయునను వాదము బలపడెను. గుడిసెకు గుడిసె నిచ్చినఁ జాలునని యావాదమున కాధారము. 2006 నాఁటి యటవీహక్కుల చట్టము వేఱుదారిఁ బట్టినది: ఆదిమసమూహములకు ఆవాసహక్కును జెప్పి, గ్రామసభ సమ్మతిలేని తరలింపును గాదన్నది. ఇందు ఆవాసమనఁగా నివసించు గుడిసె మాత్రము కాదు. బ్రదుకున కాధారమైన ప్రదేశమంతయు.

పెంట యను మాటకుఁ జెంచుల నడవడి యిచ్చు నర్థమును నదియే. దాని పొలిమేర గుడిసెల వరుసతో ముగియదు. దుంప దొరకుచోటు, తేనెపట్టుండు చఱియ, వేసవిలో నింకని నీటిపట్టు, ఆఁడుబిడ్డ నిచ్చిన పెంట, ఇవన్నియు దాని పొలిమేరలే. వీనిని విడిచి మనుష్యులను మాత్రము లెక్కించి తరలించినచోఁ జనులు మిగులుదురు గాని పెంట మిగులదు.