ఉద్యోగము చాలించుట ఎప్పుడు? – ముద్దేనహళ్లి విశ్వేశ్వరయ్యగారి జీవితమునుండి

ఉగాదినాడు పంచాంగ శ్రవణము జరిగేటప్పుడు మనలో ప్రతివారూ తమ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని చెవి ఒగ్గి వింటారు. ఉద్యోగము మానుకొనవలసిన సంవత్సరము ఏదో మాత్రము ఏ సిద్ధాంతిగారూ చెప్పరు. మన సంఘసభ్యులలో చాలామంది ఇప్పుడు ఆ ప్రశ్న గుమ్మములో నిలిచి ఉన్నారు. యౌవనములో పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచి వచ్చినవారు నేడు తాతలైనారు. పూర్వము పండుగ భోజనాల పంక్తిలో పిల్లల చదువులు, ఇండ్లస్థలములు మాటలకు వచ్చేవి. ఇప్పుడు పింఛను, ప్రావిడెంటు ఫండు వస్తున్నవి. "ఇంకా ఎన్నాళ్లండీ?" అని ఒకరు అడగడము, రెండవవారు విస్తరివైపు చూచి ఊరుకోవడము మేము చూస్తూనే ఉన్నాము. కనుక ఈ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయమని కార్యవర్గమువారు కోరగా, మేము ఈ విషయమునే ఎన్నుకొన్నాము.

నాగరగెరె, బాగేపల్లి, చింతామణి వైపునుండి వచ్చిన మనకు ఈ ప్రశ్న కొత్తది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము అయిన ఆ ప్రాంతము 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆపైన చిక్కబళ్లాపురము జిల్లా అయినది. అక్కడి రైతుకు రిటైర్మెంటు అనే మాటయే లేదు. రాగిచేను, వేరుసెనగచేను ఎవరికీ పింఛను ఇవ్వవు. నడుము వంగినప్పుడు తండ్రి నాగలి మేడి కొడుకు చేతికిచ్చి తాను కళ్లము కాపలాకు పోతాడు. అత్తగారు కొట్టుగది తాళపుచెవులు కోడలికిచ్చి మనుమల తలలు దువ్వుతుంది. పెత్తనము పోతుంది, పని పోదు. అయితే ఆ తాళపుచెవులు ఇవ్వవలసిన రోజు దాటిపోయినా మొలకు బిగించుకొని తిరిగిన అత్తలు ఏ ఊరిలోనూ లేకపోలేదు. తగవులన్నీ అక్కడే మొదలవుతవి.

మన పెద్దలు ఈ విషయమును ఆలోచించక వదలలేదు. ఒంటిమీద ముడుతలు, తలమీద నెరపు కనబడి, కొడుకుకు కొడుకు పుట్టినప్పుడు గృహస్థు అడవిదారి పట్టవలెనని మనువు చెప్పినాడు. లెక్క సంవత్సరములలో కాక గుర్తులలో చెప్పుట గమనింపదగినది. చెవి దగ్గర వెండ్రుక నెరసి, రాజ్యము రామునికిమ్మని దశరథునితో గుసగుసలాడినట్లు కాళిదాసు రఘువంశములో వర్ణించినాడు. ఆ రాజు తగిన వేళకే నిర్ణయించినాడు కాని, ఇంటివారితో ముందుగా సంప్రదింపక తొందరపడినాడు. దానివలన ఏమి జరిగినదో రామాయణము చదివిన వారికి మేము చెప్పనక్కరలేదు.

గుర్తులు పోయి అంకెలు వచ్చినది దొరతనముల కాలములో. జర్మనీలో బిస్మార్కు ప్రధానిగా ఉండగా 1889లో వృద్ధులకు పింఛను చట్టము వచ్చినది. అప్పటి వయోపరిమితి 70. అది 65 అయినది 1916లో. మన దేశములో ఇంగ్లీషువారి ఏలుబడి ప్రభుత్వోద్యోగికి 55 అని గీత గీసినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ చాలాకాలము అదే గీత నిలిచినది. కేంద్ర ప్రభుత్వము దానిని 1962లో 58కి, 1998లో 60కి జరిపినది.

ఈ గీతను వెనుకకు జరిపితే ఏమగునో తెలుగుదేశమువారు కళ్లార చూచినారు. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావుగారు, చదువుకొన్న యువకులకు ఉద్యోగములు కావలెనని, వయోపరిమితిని 58నుండి 55కు తగ్గించినారు. ఆ ఫిబ్రవరి 28నాటికి 55 దాటిన వేలమంది ఒక్కసారిగా ఇంటికి పోవలసివచ్చినది. కూతురి పెండ్లికి మూడేండ్ల గడువున్నదనుకొన్నవారు, ఇంటి అప్పు మూడేండ్లలో తీరుననుకొన్నవారు దిక్కుతోచక నిలిచిపోయినారు. 1984 ఆగస్టులో, నాదెండ్ల భాస్కరరావుగారి నెలరోజుల మంత్రివర్గము ఉండగా, మరల 58 అయినది. వ్యవహారము సుప్రీంకోర్టుదాకా పోయినది. తగ్గించుటకు ప్రభుత్వమునకు అధికారము కలదని 1985లో ఆ కోర్టు చెప్పినది. నడుమ ఇంటికి పోయినవారికి న్యాయము జరుగవలెనని అదే సంవత్సరము మరియొక తీర్పులో చెప్పినది. ఆ ఉత్తర్వు ఇచ్చినప్పుడు రామారావుగారి వయస్సు 59. సినిమా విడిచి కొత్త వృత్తిలో ప్రవేశించి అప్పటికి ఏడాది నిండలేదు! ఆయనను మేము ఎత్తిపొడవడము లేదు. యువకులకు చోటు కావలెననుట న్యాయమే. ఒకరి వయస్సును మరియొకరు నిర్ణయించుట ఎంత చిక్కైన పనియో చూపుటకే ఈ మాట. నేడు ఆ గీత ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61, కర్ణాటకములో 60.

ఇక మన సీమలో పుట్టి, ఈ గీతలను వేటినీ పట్టించుకొనక, తన వేళను తానే చూచుకొన్న ఒక పెద్దమనిషి సంగతికి వస్తాము. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిది చిక్కబళ్లాపురము దగ్గర, నందికొండ నీడలో ఉన్న ముద్దేనహళ్లి. పూర్వులది గిద్దలూరు ప్రాంతములోని మోక్షగుండము. ఇంటిపేరు ఆ ఊరినుండి వచ్చినదే. ఆయన పుట్టినది 1860 సెప్టెంబరు 15న. 1861 అని వ్రాసినవారు కూడ ఉన్నారు. శతజయంతికి తపాలాబిళ్ల 1960లో వచ్చినది గనుక మేము మొదటి లెక్కనే పట్టినాము. చిక్కబళ్లాపురములో, బెంగుళూరులో చదివి, మైసూరు సర్కారు ఇచ్చిన విద్యార్థివేతనముతో పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరినారు. సుక్కూరుకు నీటి సరఫరా, ఖడక్‌వాస్లా జలాశయమునకు వరద వచ్చినప్పుడు తమంతట తామే తెరుచుకొనే తలుపులు, ఏడెన్ రేవుకు నీరు, మురుగుకాలువల ప్రణాళిక – ఇట్లా ఆయన పేరు నలుదిక్కుల ప్రాకినది.

మొదటి విరమణ 1908లో. అప్పటికి సర్వీసు 24 సంవత్సరములు, వయస్సు 48. ఏ చిక్కూ లేదు, ఎవరూ పొమ్మనలేదు. అయితే ఆ శాఖలో చీఫ్ ఇంజనీరు కుర్చీ ఆ రోజులలో తెల్లవారిదే. ఎంత పనిచేసినా ఆ తలుపు తెరుచుకోదని గ్రహించి ఆయన తానే వైదొలగినారు. మరియొక ఉద్యోగము చేతిలో పెట్టుకొని కాదు. సెలవు తీసికొని విదేశములు చూడ బయలుదేరినారు. ఇక్కడ మేము కొంచెము ఆగుతున్నాము. మనలో అధికులు ఈ స్థితిలో రెండు తప్పుదారులలో ఒకటి పట్టుతాము. ఒకటి, అదే కుర్చీలో కూర్చుండి రోజూ సణగుట. రెండవది, "ఇంకొక్క యేడు, పింఛను నాలుగు రూపాయలు పెరుగుతుంది" అని లెక్క వేసికొనుచు చివరి గంటదాకా ఉండుట. విశ్వేశ్వరయ్యగారు ఏదీ చేయలేదు.

ఆయన ఇటలీలో ఉండగా హైదరాబాదు నిజాము ప్రభుత్వమునుండి పిలుపు వచ్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచినది, ప్రాణనష్టము వేలలో. 1909లో ఆయన హైదరాబాదు వచ్చి, వాన లెక్కలు, వాగుల లెక్కలు తీసి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయములు కట్టవలెనని నివేదిక ఇచ్చినారు. ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. హైదరాబాదులో మన బంధువులు తరతరాలుగా త్రాగిన ఆ నీరు ఒక "రిటైరైన" ఇంజనీరు మాట మీద నిలిచిన నీరు. మొదటి కొలువు విడువకపోతే ఆయన హైదరాబాదు వచ్చి ఉండేవారో లేదో!

అదే సంవత్సరము నవంబరులో మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరు, 1912లో దివాను. కన్నంబాడి దగ్గర కావేరికి ఆనకట్ట 1911లో మొదలైనది. మైసూరు బ్యాంకు 1913లో, విశ్వవిద్యాలయము 1916లో వచ్చినవి. గంధపునూనె, సబ్బు, రైలుమార్గములు – ఆ ఆరేండ్ల లెక్క వ్రాయబోతే ఈ సంచిక చాలదు.

రెండవ విరమణయే మాకు ముఖ్యము. 1918లో, బ్రాహ్మణేతరులకు సర్కారు కొలువులలో తగిన భాగము దొరకుట ఎట్లని విచారించుటకు మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడయరుగారు ముఖ్యన్యాయమూర్తి సర్ లెస్లీ మిల్లరుగారి ఆధ్వర్యమున ఒక సంఘమును నియమించినారు. కులమునుబట్టి కొలువులిస్తే పరిపాలన సామర్థ్యము చెడుతుందని దివానుగారి తలంపు. మహారాజుగారి తలంపు వేరు. మాట కలియలేదు, దివానుగారు పదవి విడిచినారు. రాజీనామా ఇచ్చుటకు సర్కారు కారులో పోయి, ఇచ్చిన తరువాత సొంత కారులో ఇంటికి వచ్చినారని మన ఊళ్లలో కథగా చెప్పుకొంటారు.

ఈ సందర్భములో ఎవరిది న్యాయమని మమ్ములనడిగితే, మేము మహారాజుగారి పక్షమే. తరతరములుగా బడి గడప తొక్కనియ్యని వారిని సామర్థ్యపు తూనికలో మాత్రము సమానముగా తూచుట ధర్మము కాదు. మిల్లరుగారి సంఘము 1919లో చేసిన సిఫార్సులు తరువాత అమలైనవి. మైసూరు వాటివలన పాడుకాలేదు. కాని దివానుగారు పదవి విడిచిన పద్ధతి వేరు విషయము. తనకు ఇష్టములేని విధానమును పైకి ఒప్పుకొని లోపల గండికొట్టుట ఆయనకు చేతకాలేదు. కన్నంబాడి ఆనకట్ట అప్పటికి సగములో ఉన్నది. "ఈ ఒక్క పని పూర్తి కానీయండి, పోతాను" అనుటకు అంతకంటె పెద్ద సాకు ఎవరికి దొరుకుతుంది? మన ఆఫీసులలో ఒక చిన్న ఫైలును పట్టుకొని రెండేండ్లు పొడిగింపు అడుగువారిని చూచినాము. ఆయన ఆనకట్టనే వదలి వచ్చినారు. అది ఇతరుల చేతులమీదుగా 1930 తరువాత పూర్తియై నేటికీ మండ్య పొలములకు నీరిస్తున్నది.

విడిచిపెట్టుటలో రోషమున్నదేమో గాని పగ లేదు. భద్రావతి ఇనుప కర్మాగారము నష్టములతో కుంటుచుండగా మైసూరు సర్కారు మరల పిలిచినది. 1923లో 63వ యేట వచ్చి, 1929వరకు దాని బాధ్యత వహించి, గట్టున పడవేసినారు. తనకు రావలసిన వేతనపు బకాయిని వృత్తివిద్య నేర్పు సంస్థకు వినియోగించమన్నారు. బెంగుళూరులోని జయచామరాజేంద్ర వృత్తివిద్యాలయము దాని ఫలమే. ఇది మూడవ విరమణ. దీని తరువాత ఆయనకు పెద్ద సర్కారు పదవి లేదు. అయితే భారత దేశమునకు ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావలెనని చెప్పిన గ్రంథము 1934లో వచ్చినది, 74వ యేట! స్వీయచరిత్ర 1951లో. బీహారులో మోకామా దగ్గర గంగకు వంతెన ఎక్కడ కట్టవలెనో సలహా ఇచ్చినప్పటికి 90 దాటినవి. ఆ వంతెన 1959లో తెరిచినారు.

ఇదంతా చదివి "మాకు విశ్వేశ్వరయ్యగారి తెలివితేటలు లేవు, పిలిచేవారూ లేరు" అని సభ్యులు అనవచ్చు. ఆ మాట నిజమే. పైగా ఆయనకు ఆలుబిడ్డల బరువు లేదు, మనకున్నది. ఆయన వదిలినంత తేలికగా వదలమని మేము ఎవరికీ చెప్పము. అద్దె ఇంటిలో ఉండి ఇద్దరు పిల్లలను చదివిస్తున్నవాడు 48వ యేట ఇటలీ పోలేడు. కాని ఆ మూడు విరమణలలో ఆయన వేసికొన్న ప్రశ్నలు మనమూ వేసికొనవచ్చును. ఇక్కడ నేను చేయగలిగినది ఇంకా మిగిలియున్నదా? ఉన్నదనుకొని కుర్చీని మాత్రమే పట్టుకొన్నానా? నేను లేచిన తరువాత ఈ పని తెలిసినవాడు ఒకడైనా తయారైనాడా? ఈ మూడవ ప్రశ్నకు జవాబు లేకపోతే దోషము మన వయస్సుది కాదు, మనదే.

మన సీమలోనే మరి రెండు దారులున్నవి. చింతామణి దగ్గర కైవారములో తాతయ్య అని పిలువబడే యోగి నారేయణ, గాజుల మలారము భుజాన వేసికొని ఊరూరు తిరిగినవాడు. గురువు దొరికిన తరువాత మలారము దించి కొండగుహ చేరినాడని సంప్రదాయము. ఆయన తెలుగులోను కన్నడములోను పాడిన తత్వములు నేటికీ మన ముసలమ్మల నోటనున్నవి. మరియొకరు గౌరిబిదనూరు తాలూకా హొసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్యగారు. 1972నుండి 1977వరకు బెంగుళూరు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై కూడ, బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టలు గదినే ఇల్లు చేసికొన్నవారు. గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు వెలసినవి ఆయన వంటివారి పూనికవలననే. 2005లో కన్నుమూసినంతవరకు విద్యార్థుల నడుమనే ఉన్నారు. బంగళా ఎక్కనివానికి దిగవలసిన బాధ ఎక్కడిది?

విశ్వేశ్వరయ్యగారు 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో పరమపదించినారు. ముద్దేనహళ్లిలో వారి పాత ఇల్లు, సమాధి ఉన్నవి. ఈ వేసవిలో ఊరికి పోవువారు చిక్కబళ్లాపురములో దిగి, నంది వైపు పోవు దారిలో అరగంట ఆగితే చూచి రావచ్చును. పిల్లలను కూడ తీసుకొనిపోవుడు.