లేపనానికి చిక్కదనం ఎక్కడిది? తేనెమైనం నుండి తపసిబంక వరకు

చర్మానికి పూసుకొనే లోషన్‌ను ఇంట్లోనే తయారు చేసుకొనే అలవాటు ఈ మధ్య మళ్లీ పెరిగింది. కొబ్బరినూనె, కలబంద గుజ్జు, పన్నీరు సిద్ధం కాగానే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, ఇది చిక్కబడాలంటే ఏం కలపాలి?" ప్రశ్న చిన్నదే అయినా, దాని వెనుక రెండువేల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఏది కలపాలో, ఏది కలపరాదో సులభంగా బోధపడుతుంది.

క్రీస్తుశకం రెండో శతాబ్దంలో రోము నగరంలో వైద్యం చేసిన గేలెన్, తేనెమైనాన్ని ఆలివ్ నూనెలో కరిగించి, అందులో పన్నీరు కలిపి చిలికే లేపనాన్ని వర్ణించాడు. ఒంటికి రాసుకొన్నప్పుడు అందులోని నీరు ఆవిరై చల్లదనాన్ని ఇస్తుంది. 'కోల్డ్ క్రీమ్' అన్న పేరు అందుకే వచ్చింది. మన ఆయుర్వేదంలోనూ తేనెమైనాన్ని నువ్వులనూనెలో కరిగించి చేసే సిక్థతైలం ఉంది. శతధౌతఘృతం మరింత విశేషమైనది. నేతిని చన్నీటితో నూరుసార్లు మర్దించి, ప్రతిసారీ నీటిని వంచివేస్తే అది తెల్లని మెత్తని వెన్నలా మారుతుంది. చిక్కబరిచే పదార్థం ఏదీ కలపకుండానే చిక్కదనం సాధించిన పద్ధతి అది.

గేలెన్ లేపనానికి ఒక లోపం ఉండేది. మైనం నూనెను గట్టిపరుస్తుందే గాని, నూనెనూ నీటినీ ఎక్కువకాలం కలిపి ఉంచలేదు. కొన్నాళ్లకు నీరు విడిపోయేది, నూనె మక్కువాసన వేసేది. పందొమ్మిదో శతాబ్దంలో దీనికి పరిష్కారం దొరికింది. తేనెమైనంలో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాలు వెలిగారంతో, అంటే బోరాక్స్‌తో కలిస్తే అక్కడికక్కడే కొద్దిగా సబ్బు తయారవుతుంది. ఆ సబ్బే నూనెనూ నీటినీ పట్టి ఉంచుతుంది. చిక్కబరచడం వేరు, కలిపి ఉంచడం వేరు అన్న సంగతి ఇక్కడే స్పష్టమవుతుంది. ఇంట్లో లోషన్ విరిగిపోవడానికి ముఖ్య కారణం ఈ రెంటినీ ఒకటిగా భావించడమే.

అదే శతాబ్దంలో మరికొన్ని పదార్థాలు వచ్చాయి. తిమింగలం తలనుండి తీసే మైనం నుండి ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రూల్ 1817లో సిటైల్ ఆల్కహాల్‌ను వేరుచేశాడు. పేరులో ఆల్కహాల్ ఉన్నా ఇది చర్మాన్ని ఎండబెట్టే సారాయి వంటిది కాదు. మైనంలాంటి తెల్లని ఘనపదార్థం. నేడు దీనిని పామాయిల్, కొబ్బరినూనెల నుండి తయారు చేస్తున్నారు. 1872లో ఛీస్‌బ్రో పెట్రోలియం జెల్లీకి వాసెలిన్ పేరిట అమెరికాలో పేటెంటు పొందాడు. 1882లో జర్మనీలో గొర్రె ఉన్ని కొవ్వును శుద్ధిచేసి లానోలిన్ తయారు చేశారు. స్టియరిక్ ఆమ్లాన్ని క్షారంతో కలిపి చేసిన వానిషింగ్ క్రీమునే మన ఇళ్లలో 'స్నో' అని పిలిచారు.

బంకల చరిత్ర వేరు. ఇవి నూనెను గాక నీటిని చిక్కబరుస్తాయి. ఇరాన్ ప్రాంతం నుండి వచ్చే ట్రాగకాంత్ బంక ఖరీదైనది కావడంతో, దానికి బదులుగా మన తపసిబంక, అంటే కరాయా గమ్, విదేశాలకు ఎగుమతి అయింది. మన అడవులలో గిరిజనులు తపసి చెట్టుకు గాట్లు పెట్టి దీనిని సేకరిస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ వారి నుండి కొనుగోలు చేసే అటవీ ఫలసాయాలలో ఇదొకటి. లోతుగా నరికితే చెట్టే చనిపోతుంది గనుక తక్కువ గాటుతో బంక తీసే పద్ధతిని తరువాత వారికి నేర్పవలసి వచ్చింది. నేడు ఎక్కువగా వాడే జాంథాన్ గమ్‌ను అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో ఆలీన్ జీన్స్ బృందం ఒక బాక్టీరియా నుండి కనుగొన్నది. క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చే సూక్ష్మజీవి అది! 1969లో ఈ గమ్‌ను ఆహారంలో వాడేందుకు అక్కడ అనుమతి లభించింది.

ఈ చరిత్ర నేర్పే అసలు పాఠం చిక్కదనం గురించి కాదు, నీటి గురించి. నేను ఉద్యోగంలో ఉండగా ఒక తల్లి ఒళ్లంతా చీముపొక్కులతో ఉన్న ఏడు నెలల బిడ్డను తీసుకువచ్చింది. కలబంద గుజ్జు, బాదంనూనె, మొక్కజొన్నపిండి గంజి కలిపి తాను చేసిన లోషన్‌ను వారంరోజులుగా పూస్తోంది. సీసా మూత తీయగానే పులిసిన వాసన వచ్చింది. ఆమె శ్రద్ధలో లోపం లేదు. గంజి, బంక, కలబంద మనకు ఎంత సహజమో సూక్ష్మజీవులకు కూడా అంత మంచి ఆహారమన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు. బిడ్డ కోలుకొన్నది గాని, ఆ వాసన నేను మరచిపోలేదు.

కనుక నా సలహా ఇది. ఇంట్లో చేసుకోదలిస్తే నీరు లేని లేపనమే చేసుకోండి. ఒక భాగం తేనెమైనానికి నాలుగైదు భాగాల నూనెను తూకం వేసి, వేడినీటి గిన్నెపై కరిగించి, పొడిగా ఉన్న శుభ్రమైన సీసాలో నింపండి. తడి వేలు ముంచవద్దు. నీరు కలిపితే తగిన ప్రిజర్వేటివ్ తప్పనిసరి. విటమిన్ 'ఇ' ప్రిజర్వేటివ్ కాదు. అది నూనె మక్కడాన్ని ఆలస్యం చేస్తుందే గాని క్రిములను ఆపదు. ప్రిజర్వేటివ్ లేకపోతే ఒక్క పూటకు సరిపడా చేసుకొని మిగిలినది పారవేయండి. వెలిగారం జోలికి పోవద్దు. గాయపడిన చర్మం ద్వారా అది రక్తంలో చేరుతుంది, పసిపిల్లలకు మరీ ప్రమాదకరం. ఐరోపా సమాఖ్య బోరేట్లను సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాలుగా వర్గీకరించింది. కాలిన గాయాలకు, పుండ్లకు, చంటిబిడ్డల చర్మానికి ఇంటి లోషన్లు వాడకండి.

గేలెన్ లేపనం నిలవ ఉండేది కాదు, అందుకే నాటివారు దానిని ఎప్పటికప్పుడు తాజాగా చేసుకొన్నారు. ఆయన సూత్రాన్ని మనం తిరిగి తెచ్చుకొన్నాం. ఆ జాగ్రత్తను కూడా తిరిగి తెచ్చుకోవాలి.