తలుపు దగ్గరి గుర్రం: బండ్ల హాబ్సన్ ఆస్తి కథ

మన పిల్లలు ఇక్కడి స్కూళ్ళలో "హాబ్సన్స్ ఛాయిస్" అనే మాట వినే ఉంటారు. ఎంచుకోమంటారు, తీరా చూస్తే ఉన్నది ఒక్కటే! ఆ మాట వెనకున్న మనిషి కథ ఈ రోజు చెప్పుకుందాం.

థామస్ హాబ్సన్ సుమారు 1544లో పుట్టాడు. కేంబ్రిడ్జ్ నుంచి లండన్‌కి బండ్లు నడపడం వాళ్ళింటి వృత్తి. 1568లో తండ్రి పోతూ, కొడుక్కి పాతికేళ్ళు నిండాక బండీ, ఎనిమిది గుర్రాలూ చెందాలని వీలునామా రాశాడు. అక్కడ మొదలైంది హాబ్సన్ సంపాదన. సరుకులూ, ఉత్తరాలూ, మనుషులూ అన్నీ అతని బండి మీదే. లండన్‌లో అతని మకాం బిషప్స్‌గేట్ వీధిలోని బుల్ అనే సత్రం.

బండ్లతో పాటు గుర్రాలను బాడుగకు కూడా ఇచ్చేవాడు. అతని సాలలో నలభై దాకా గుర్రాలుండేవని 1712లో 'స్పెక్టేటర్' పత్రికలో రిచర్డ్ స్టీల్ రాశాడు. యూనివర్సిటీ కుర్రాళ్ళు ఎప్పుడూ చురుకైన గుర్రమే కావాలనేవారు, దాన్ని ఇష్టమొచ్చినట్టు పరిగెత్తించేవారు. అందుకని హాబ్సన్ ఒక నియమం పెట్టాడు. ఎవరొచ్చినా సరే, తలుపుకి దగ్గరగా ఉన్న గుర్రమే తీసుకోవాలి. తిరిగొచ్చిన గుర్రం వరస చివరికి వెళుతుంది, దానికి విశ్రాంతి దొరుకుతుంది. చూశారా, మనం మొండితనం అనుకునేది నిజానికి నోరులేని జీవాల మీద దయ. వ్యాపారికి లాభం కూడా!

ఆ లాభంతో భూములు కొన్నాడు. ఇప్పుడు ఆంగ్లసీ అబ్బీ అని టూరిస్టులు చూసే ఎస్టేటు కూడా ఒకప్పుడు అతనిదే.

మన మచిలీపట్నానికి ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' వచ్చింది 1611లో. సరిగ్గా ఆ కాలంలోనే, అంటే 1610-14 మధ్య, కేంబ్రిడ్జ్‌లో ఒక మంచినీటి కాలువ తవ్వారు. ఊరి బయట నైన్ వెల్స్ అనే ఊటల నుంచి నీళ్ళు ఊళ్ళోకి వచ్చాయి. ఆ పని ఊరూ, యూనివర్సిటీ కలిసి చేశాయి. హాబ్సన్ ఒక్కడే తవ్వించలేదు. మరి దానికి హాబ్సన్ పేరెందుకు నిలిచింది? కాలువ మరమ్మతులకని వీలునామాలో పచ్చిక భూమి రాసిపెట్టాడు గనుక. తవ్వేటప్పుడు అందరూ ఉంటారు. పూడిక తీసేటప్పుడు ఎవరుంటారు? ఆ ప్రశ్న ఆయనకి తట్టింది. ఆ కాలువ ఇప్పటికీ పారుతోంది, దాన్ని చూసుకునే ట్రస్టు ఇప్పటికీ ఉంది.

రెండో దానం కథ వేరు. 1628లో పేదలకు పని చూపించే ఇంటికోసం స్థలం ఇచ్చాడు. అక్కడ ఉన్ని వడికేవారు గనుక స్పిన్నింగ్ హౌస్ అన్నారు. అందులోనే మాట వినని వాళ్ళని దిద్దే జైలు కూడా పెట్టమన్నాడు. కాలం గడిచేకొద్దీ పని పోయి జైలే మిగిలింది. వీధిలో నడిచే ఆడపిల్లల్ని అనుమానం మీద యూనివర్సిటీ వాళ్ళు పట్టుకెళ్ళి అందులో పెట్టేవారు. 1846లో ఎలిజబెత్ హౌ అనే అమ్మాయి అక్కడ తడి పక్క మీద ఒక రాత్రి గడిపి, జబ్బుచేసి చనిపోయింది. 1891లో డైసీ హాప్కిన్స్ అనే పదిహేడేళ్ళ పిల్ల అరెస్టు మీద పెద్ద గొడవ లేచింది. 1894లో చట్టం వచ్చి యూనివర్సిటీకి ఆ అధికారం తీసేసింది. 1901లో ఆ భవనం కూల్చేశారు.

హాబ్సన్ ముగింపు సంగతి. 1630లో ప్లేగు వచ్చి లండన్ బండ్లు ఆపేశారు. అరవై ఏళ్ళు దారి మీద ఉన్న మనిషి ఇంట్లో కూర్చున్నాడు. 1631 జనవరి 1న, ఎనభై ఆరేళ్ళ వయసులో పోయాడు. ఊరికే కూర్చోవడం వల్లే పోయాడని హాస్యమాడుతూ, అప్పుడక్కడ విద్యార్థిగా ఉన్న జాన్ మిల్టన్ రెండు పద్యాలు రాశాడు.

మనలో చాలామంది ఊళ్ళో బోరు వేయించాలని, బడిలో గది కట్టించాలని డబ్బు పంపుతుంటాం. పంపే ముందు హాబ్సన్ని ఒక్కసారి తలుచుకుందాం. రిపేరుకి ఎంత పక్కన పెట్టాం? తాళం ఎవరి చేతిలో పెడుతున్నాం? ఒకే మనిషి ఇచ్చిన దానాల్లో ఒకటి నీళ్ళిచ్చింది, ఇంకొకటి ప్రాణం తీసింది.