దుక్కి లేని సేద్యం: ఓరుగల్లు చెలకల్లో, మడికట్లలో

నేలను తిరగేయకుండా, పాత పంట మోళ్ల మధ్యే కొత్త గింజ నాటడాన్ని దుక్కి లేని సేద్యం అంటారు. వ్యవసాయ శాఖ కరపత్రాల్లో దీని పేరు జీరో టిల్లేజ్. నాగలి, గొర్రు, కల్టివేటరు, రొటావేటరు ఏవీ పొలంలో దిగవు. గింజ పడేచోట మాత్రమే మన్ను కదులుతుంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఈ పద్ధతి మంచిచెడ్డలు తేల్చాలంటే ముందు నేలలు చూడాలి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయేదాకా ఈ ప్రాంతంలో చాలా భాగం ఒకే వరంగల్ జిల్లా. అయినా నేలలు ఒక్కటి కావు. జనగామ వైపు గ్రానైటు రాతి మీద పలచని ఎర్ర చెలకలు, దుబ్బలు. మహబూబాబాద్‌లో చెలకలతో పాటు చెరువుల కింద, కాలువల కింద వరి మడికట్లు. భూపాలపల్లిలో అడవి దాటి గోదావరి దాకా పోతే పత్తి, మిరప పండే నల్లరేగళ్లు తగులుతాయి.

ఈ మూడు చోట్లా రైతు దున్నడం మీద పెట్టుకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఎండాకాలం చెలక గట్టిపడి గడ్డపారకు కూడా లొంగదు. తొలివాన పడ్డాక ఆ పదునులో దున్నితే పెచ్చు పగిలి నీళ్లు లోపలికి దిగుతాయి, గరిక, తుంగ వేళ్లు బయటపడి ఎండుతాయి, మట్టిలో దాగిన పురుగుల కోశాలు పక్షుల పాలవుతాయి. ఏరువాక పున్నమి నాడు ఎడ్లకు, నాగలికి పూజ చేసి అరక కట్టే ఆచారం వెనక ఈ లెక్కంతా ఉంది. ఎడ్ల జాగాలోకి ట్రాక్టర్ వచ్చాక దుక్కి సులువైంది, దుక్కుల సంఖ్యా పెరిగింది. రొటావేటరు ఏటా ఒకే లోతులో తిరుగుతుంటే పైమన్ను పిండి అవుతుంది, దాని అడుగున గట్టిపొర కడుతుంది. వేరు అక్కడ ఆగిపోతుంది, నీరూ అక్కడే ఆగిపోతుంది.

నాగలి లేని సేద్యం ఈ సీమకు మరీ కొత్తదేమీ కాదు. గోదావరి కొండల్లో కొండరెడ్లు పోడు కాల్చిన బూడిద నేలలో మొనదేలిన కర్రతో గుంట చేసి గింజ వేసేవారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన పుస్తకంలో వారి జీవనాన్ని నమోదు చేశాడు. కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు వరి కోతకు ముందే నిలబడ్డ పైరులో మినుము, పెసర చల్లేవారు. దానికి పైర పంట అని పేరు. అందులోనూ దుక్కి ఉండదు.

అమెరికాలో 1930లలో దున్నిన మైదానాల మన్ను దుమ్ముతుపాన్లై లేచిపోయింది. ఆ అనుభవం తర్వాత 1943లో ఎడ్వర్డ్ ఫాక్‌నర్ నాగలినే తప్పుపడుతూ పుస్తకం రాశాడు. అయితే దున్నకపోతే కలుపును ఏం చేయాలో అప్పటికి జవాబు లేదు. 1960లలో పారాక్వాట్ వంటి కలుపు మందులు బజారుకు వచ్చాకే ఈ పద్ధతి నిలదొక్కుకుంది. 1962లో కెంటకీలో హ్యారీ యంగ్, 1972లో బ్రెజిల్‌లో హెర్బర్ట్ బార్ట్జ్ తమ పొలాల్లో దుక్కి మానేశారు. 2018-19 నాటికి నేలను కదపని, కప్పి ఉంచే సేద్యం ప్రపంచంలో సుమారు 20 కోట్ల హెక్టార్లకు చేరింది.

తెలుగు నేల మీద ఇది పెద్ద ఎత్తున గెలిచింది మక్కజొన్నతో. కోస్తాలో పైర మినుమును పల్లాకు తెగులు, బంగారుతీగ దెబ్బతీశాయి. 2000 తర్వాతి ఏళ్లలో గుంటూరు, కృష్ణా రైతులు వరి కోసిన మడిలోనే తాడు పట్టి, కర్రతో గుంటలు చేసి మక్క గింజలు నాటడం మొదలుపెట్టారు. పోడు కర్ర మళ్లీ పొలంలోకి వచ్చినట్టే. దున్ని, ఆరబెట్టి, మళ్లీ దున్నే రోజులు మిగిలాయి. మడిలో మిగిలిన తేమ వృథా పోకుండా మొలకకు అందింది. దుక్కి ఖర్చు తప్పింది. ఎరువును మన్నులో కలిపే వీలుండదు కాబట్టి మొక్క పక్కన గుంట తీసి వేయాల్సి వస్తుంది, ఆ కూలి మాత్రం పెరుగుతుంది. తెలంగాణలోనూ వరి తర్వాత యాసంగి మక్కకు ఈ పద్ధతిని సిఫార్సు చేస్తున్నారు, కానీ తేమ నిలిచే బరువు నేలలకే. మహబూబాబాద్ మడికట్లకు, భూపాలపల్లి రేగడికి ఇది నప్పే మాట.

జనగామ చెలక దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఎర్రనేల వాన దెబ్బకు పైన పెచ్చు కట్టి, ఎండకు ఇటుకలా బిగుస్తుంది. ఇలాంటి నేలపైనే 1988 నుంచి పటాన్‌చెరులో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దున్నని మడులను, 10 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్లు దున్నిన మడులను పక్కపక్కనే పెట్టి చూశారు. దున్నినందువల్ల నీరు ఇంకడం కొన్నాళ్లు మెరుగైంది, నాలుగు వానలు పడ్డాక ఆ మేలు కరిగిపోయింది. గడ్డి పరిచిన మడుల్లో మాత్రం నీరు పారిపోవడం నిలకడగా తగ్గింది. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రీడా) 1995లో హయత్‌నగర్ క్షేత్రంలో జొన్న, ఆముదం పంటలతో దీర్ఘకాల ప్రయోగం మొదలుపెట్టింది. అక్కడ తక్కువ దుక్కి కన్నా మామూలు దుక్కికే దిగుబడి ఎక్కువ వచ్చింది. దుక్కికి తోడు గ్లిరిసీడియా రొట్ట, తగినంత నత్రజని అందించిన మడులు ముందు నిలిచాయి. వానాధార చెలకలో ఒట్టిగా దుక్కి మానేస్తే లాభం లేదని ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చూస్తే అనిపిస్తుంది.

2015లో నేచర్ పత్రికలో అచ్చయిన ఒక పెద్ద పరిశీలన 610 అధ్యయనాలను గుదిగుచ్చింది. మొత్తం మీద దుక్కి మానేసిన పొలాల్లో దిగుబడి సగటున 5.7 శాతం తగ్గింది. అదే పంట చెత్తను నేల మీదే వదిలి, పంట మార్పిడి కూడా పాటిస్తే పొడి వాతావరణపు వానాధార సేద్యంలో దిగుబడి పెరిగింది. చిక్కంతా ఈ చెత్త దగ్గరే ఉంది. జనగామ రైతుకు వరిగడ్డి, చొప్ప బర్రెల కడుపు నింపే మేత. పొలంలో పరిస్తే కొట్టంలో ఏం వేయాలి? ఇటు భూపాలపల్లిలో పత్తి కట్టెలు, కోత యంత్రం వదిలిన కొయ్యకాళ్లు ఉన్నాయి, వాటికేమో నిప్పు పెడుతున్నారు. నేలకు కప్పు కాగలిగింది పొగై పోవడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రెండో చిక్కు కలుపు. దుక్కి మానేసిన పొలంలో తొలి ఏళ్లలో గడ్డి విజృంభిస్తుంది. మక్కకు అట్రాజిన్, మొలిచే మోళ్లకు పారాక్వాట్ చల్లుతారు. పారాక్వాట్ మింగితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, దానికి విరుగుడు మందు లేదు. ఇంట్లో, గట్టు మీద ఆ సీసా ఉండటమే ప్రమాదం. 2018లో తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ అనే కలుపు మందు అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. రసాయనాలు మానేసిన ఊరిగా పేరొందిన జనగామ జిల్లా ఎనబావి లాంటి చోట కలుపు మందు మాటే ఉండదు. అలాంటి ఊళ్లలో గుంటక, కొడవలి, చేతులే దిక్కు.

నేలలో వచ్చే మార్పు మెల్లగా కనిపిస్తుంది. దుక్కి లేనిచోట వానపాముల బొరియలు చెదరవు, పై నాలుగైదు అంగుళాల్లో సేంద్రియ కర్బనం పెరుగుతుంది. అడుగు పొరల్లో అంతగా పెరగకపోవచ్చు. చెలకల్లో అర శాతం కూడా లేని కర్బనానికి ఆ పైపొర పెంపు చిన్నదేమీ కాదు.

తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2020లో రాజేంద్రనగర్‌లో పత్తి, మక్క, జీలుగ వరుసపై ప్రయోగం మొదలుపెట్టింది. వానాకాలం పత్తి, యాసంగి మక్క, ఎండాకాలం జీలుగ. మొదటి రకం మడులను మామూలుగా దున్నుతారు. రెండో రకంలో పత్తికి మాత్రమే దుక్కి. మూడో రకంలో ఏ పంటకూ దుక్కి లేదు. అక్కడ జీలుగ రొట్ట పత్తి మధ్య, పత్తి కట్టెలు మక్క మధ్య, మక్క చొప్ప జీలుగ మధ్య పరిచి ఉంటాయి.