మదర్‌బోర్డు జాతకం

పాత కంప్యూటర్ మూత విప్పగానే ఎవరైనా ముందు ప్రాసెసర్ కోసం వెతుకుతారు. ఐబీఎం పీఎస్/2 దగ్గర ఆ అలవాటు పనికిరాదు. అందులో ముందు తేల్చుకోవాల్సింది అది ఏ బోర్డు అన్నది. అది తేలకుండా కొన్న మెమరీ, కార్డు, ప్రాసెసర్ అన్నీ దండగే.

1981 ఆగస్టు 12న తొలి పీసీ తెచ్చినప్పుడు ఐబీఎం పెద్దగా ఏదీ దాచలేదు. సర్క్యూట్ బొమ్మలతో పాటు, యంత్రాన్ని మేల్కొలిపే బయాస్ ప్రోగ్రామ్‌ను కూడా అచ్చేసి పుస్తకంగా అమ్మింది. ఆ యంత్రాలను మూత తీయకుండానే పోల్చుకోవచ్చు. మెమరీలో మొదటి మెగాబైట్ చివర, ఆఖరి బైటుకు ముందుది చదివితే చాలు. ఎఫ్‌ఎఫ్ ఉంటే పీసీ, ఎఫ్‌ఈ ఉంటే దాని తర్వాతి మోడల్ ఎక్స్‌టీ.

బయాస్‌ను సొంతంగా రాసుకుని కాంపాక్ లాంటి కంపెనీలు పోటీకి దిగడంతో మార్కెట్ చేజారసాగింది. 1987 ఏప్రిల్ 2న ఐబీఎం పీఎస్/2 వరుసను ప్రకటించింది. అందులో 50, 60, 80 మోడళ్లకు మైక్రో ఛానెల్ అనే కొత్త స్లాట్లు పెట్టింది. పాత కార్డులు వాటిలో పట్టవు. ఆ స్లాట్లు వాడుకోవాలంటే ఇతర కంపెనీలు రాయల్టీ కట్టాల్సి వచ్చేది. మరుసటి ఏడాదే కాంపాక్, హెచ్‌పీ సహా తొమ్మిది కంపెనీలు ఏకమై ఈఐఎస్‌ఏ పేరుతో వేరే ప్రమాణం ప్రకటించాయి.

అలాగని మైక్రో ఛానెల్‌ను చెడ్డ డిజైన్ అనడం అన్యాయం. అప్పట్లో మామూలు కార్డు పెట్టాలంటే జంపర్లు అటూ ఇటూ మార్చి తల బద్దలు కొట్టుకోవాల్సి వచ్చేది. ఇందులో ప్రతి కార్డుకూ నాలుగు అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని యంత్రమే అడిగి తెలుసుకుంటుంది. త్రీకామ్ వారి ఈథర్‌నెట్ కార్డు ఒకటి 6042 అని జవాబిస్తుంది. ఆ సంఖ్యతో ఉన్న చిన్న ఫైలును రిఫరెన్స్ డిస్క్ అనే ఫ్లాపీలో వెతికి, సెట్టింగులు అదే సర్దుకుంటుంది. ఎంత ముందుచూపు!

చిక్కల్లా ఆ ఫ్లాపీతోనే. ఏళ్లు గడిచి బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోతే తెర మీద 161 అని వస్తుంది. దాంతో సెట్టింగులు చెరిగిపోతాయి. కార్డుల లెక్క కుదరక 165 కనబడుతుంది. బ్యాటరీ మార్చినా సరిపోదు, ఆ మోడల్‌కు తగిన డిస్క్ కావాలి. 50, 60 మోడళ్లకు ఒకటి, 70, 80 మోడళ్లకు మరొకటి. భేషుగ్గా ఉన్న యంత్రాలు ఒక్క ఫ్లాపీ లేక తుక్కుకు పోయాయంటే, నా దృష్టిలో అది పూర్తిగా ఐబీఎం పిడివాదం ఫలితమే.

అప్‌గ్రేడ్ సంగతికొస్తే మెమరీ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. 72 పిన్నుల మెమరీ ముక్క స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ యంత్రం గుర్తించదు. 67 నుంచి 70 వరకు ఉన్న నాలుగు పిన్నులు ఆ ముక్క ఎంత పెద్దది, ఎంత వేగమైంది అన్నది బోర్డుకు చెప్పాలి. చవకరకం ముక్కల మీద ఆ పిన్నులకు కనెక్షన్లు వేయకుండా వదిలేసేవారు. ఔత్సాహికులు ఇప్పటికీ భూతద్దం పెట్టుకుని ఆ కొసన ఉన్న ఆవగింజంత ప్యాడ్ల మీద సోల్డరింగ్ చేసి సరిచేస్తుంటారు.

ప్రాసెసర్‌కు దారులున్నాయి. 386 సాకెట్‌లోనే కూర్చునే 486డీఆర్‌ఎక్స్2 చిప్‌ను సైరిక్స్ అమ్మింది. దాని లోపలి క్యాష్‌ను మేల్కొలపడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ నడపాలి. 1990లో వచ్చిన 90, 95 మోడళ్లలో ఐబీఎం ప్రాసెసర్‌నే విడి కార్డు మీద పెట్టింది. 95లో 486 కార్డు లాగేసి పెంటియం కార్డు గుచ్చొచ్చు. అయితే హార్డ్ డిస్క్‌లో దాగి ఉన్న సిస్టమ్ పార్టిషన్‌ను కూడా కొత్త కార్డుకు తగినట్టు మార్చాలి. అంటే మళ్లీ రిఫరెన్స్ డిస్క్ దగ్గరికే.

లైనక్స్ కూడా 2012లో మైక్రో ఛానెల్‌ను వదిలేసింది. ఇప్పుడీ యంత్రాలను బతికిస్తున్నది ఫ్లాపీలకు నకళ్లు తీసి పంచుకుంటున్న అభిమానులే. మీ చేతికి ఎక్కడైనా పీఎస్/2 తగిలితే అది ఏ బోర్డో చెప్పే, దాని మీది ఎఫ్‌ఆర్‌యూ (విడిభాగం) నంబరు రాసుకోండి. పెట్టెతో పాటు ఫ్లాపీలుంటే ఒక్కటీ పారేయకండి. ముందు నకలు తీయించండి, ఎందుకంటే ఆ అయస్కాంతపు పూత ఏటికేడు బలహీనపడుతోంది.