చిల్లు కానీ

మా నాయనమ్మ కాంచళికి కుట్టిన నాణేల్లో ఒకటి మిగతావాటిలా ఉండేది కాదు. దాని నడుమ పెద్ద చిల్లు. ఎవరో పాడుచేసిన డబ్బనుకునేవాణ్ణి చిన్నప్పుడు. అడిగితే నవ్వింది. "ఆ చిల్లు సర్కారోళ్లే పెట్టి ఇచ్చినార్రా. కొక్కీ పోయించే పని లేదు, దారం ఎక్కిస్తే సరి" అంది. ఎందుకు పెట్టారో ఆమెకూ తెలియదు. నాకు తెలిసేసరికి ఆమె లేదు.

రాచర్ల అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది 1970లో. ఒకపక్క నల్లమల, ఇంకోపక్క మెట్టచేలు. జొన్న, సజ్జ, కొర్ర, ఆరికెలు. వాన పడితే పంట, లేకుంటే లేదు. ఇలాంటిచోటికి హిట్లరు యుద్ధం ఎలా వచ్చింది? బాంబులు పడలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ చప్పుడు మనదాకా రాలేదు. మన దగ్గరికి యుద్ధం వచ్చిన దారి వేరు. ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు, చిల్లర డబ్బు, వీటి వెంట వచ్చింది.

చిల్లరతో మొదలుపెడతాను. రాగికి యుద్ధంలో గిరాకీ ఎక్కువ. తూటాల గొట్టాలు చేసే ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే. అందుకని 1943లో సర్కారు కానీ బరువును సగానికన్నా తగ్గించి, నడిమధ్య చిల్లు పెట్టి ముద్రించింది. రూపాయికి 64 కానీలు. ఒక్కో కానీలో మిగిలిన చిటికెడు లోహం కోట్ల కానీల మీద లెక్కేస్తే ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. మా నాయనమ్మ కాంచళి మీద మెరిసింది ఆ మిగులు తీసేయగా వచ్చిన చిల్లే.

వెండి రూపాయి కథ ఇంకా పెద్దది. యుద్ధానికి ముందు రూపాయిలో పదకొండు పాళ్లు వెండి, ఒక పాలు మాత్రమే వేరే లోహం. 1940లో దాన్ని సగం వెండికి దించారు. అదే ఏడు ఒక రూపాయి కాగితం నోటు మళ్లీ తెచ్చారు. పాత వెండి రూపాయల్ని ఆ తర్వాత ఒక్కో రాజు బొమ్మ చొప్పున వెనక్కి పిలిచారు. జనం ఊరుకుంటారా? మంచి రూపాయిని దాచుకుని, కాగితాన్ని అంగట్లో ఇచ్చారు. చెడ్డ డబ్బు చేతులు మారుతుంది, మంచి డబ్బు మూటలోకి పోతుంది. ఆర్థికశాస్త్రం పుస్తకంలో దీనికి గ్రేషం సూత్రం అని పేరు. మా తండా ఆడవాళ్లు ఆ పుస్తకం చదవలేదు గానీ, రూపాయిని రాతి మీద వేసి మోగించి ఏది పాతదో ఏది కొత్తదో చెప్పేవాళ్లు.

ఇక ధరలు ఎందుకు పెరిగాయో చూద్దాం. బడిలో ద్రవ్యోల్బణం అని పాఠం ఉంటుంది, కానీ అందులో మన ఊరు ఉండదు. బ్రిటను తన సైన్యాలకు గుడ్డ, ధాన్యం, కలప, తోలు మన దేశంలో కొన్నది. డబ్బు మాత్రం ఇక్కడ ఇవ్వలేదు. లండనులో భారతదేశం పేర ఖాతాలో పౌండ్లు రాసుకుంది. ఆ రాతను ఆధారంగా పెట్టుకుని ఇక్కడ రిజర్వు బ్యాంకు రూపాయి నోట్లు అచ్చు వేసి, సరుకు అమ్మినవాళ్లకు ఇచ్చింది. యుద్ధం మొదలైనప్పుడు దేశంలో తిరిగే నోట్ల విలువ దాదాపు 180 కోట్ల రూపాయలు. 1945లో యుద్ధం ముగిసేసరికి అది 1,100 కోట్లు దాటింది. నోట్లు ఆరింతలు. సరుకు ఆరింతలు పండలేదు సరికదా, ఉన్న సరుకులో కొంత సైన్యానికి పోయింది. సర్కారు లెక్కల్లోనే టోకు ధరలు రెండున్నర రెట్లకు దగ్గరగా పోయాయి. సర్కారు లెక్క కట్టింది నిర్ణయించిన ధరలకు, చాటున అమ్మే ధరలకు కాదు.

దీన్ని కూలివాడి వైపు నుంచి చూడండి. యుద్ధానికి ముందు రోజుకు నాలుగణాలు కూలి అనుకుందాం, అణాకు రెండు సేర్ల జొన్నలు అనుకుందాం. (లెక్క తేలిగ్గా ఉండాలని నేను వేసిన అంకెలివి.) అంటే రోజు కూలి ఎనిమిది సేర్లు. నాలుగేళ్ల తర్వాత కూలి ఆరణాలైంది. అణాకు ఒక్క సేరే వస్తోంది. చేతిలో అణాలు పెరిగాయి, కుండలో జొన్నలు ఆరు సేర్లకు తగ్గాయి. అణాల్లో చెప్పేది ద్రవ్య వేతనం, సేర్లలో చెప్పేది నిజ వేతనం. జీవన ప్రమాణం అనే మాటకు అర్థం చూడాలంటే మొదటిదాన్ని పక్కనపెట్టి రెండోదాన్ని అడగాలి.

1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి పోయింది. అక్కణ్ణుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యం ఆగిపోయింది. రంగూన్ రేవులో, మిల్లుల్లో కూలికి పోయిన వేలాది తెలుగువాళ్లు అడవులూ కొండలూ పడి నడిచి తిరిగి వచ్చారు, దారిలో చచ్చిపోయినవాళ్లు చచ్చిపోగా. మనం బియ్యం తినేవాళ్లం కాదు కదా, మనకేమిటి అనుకోవచ్చు. బియ్యం దొరకని పట్నం జొన్నల మీద పడుతుంది. జొన్న ధర బియ్యం వెంట నడుస్తుంది. మరుసటి ఏడు బెంగాల్లో దాదాపు ముప్పై లక్షలమంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన రోగాలతో పోయారు. అక్కడ ధాన్యం బొత్తిగా లేక కాదు, కొనే శక్తి పోయి చచ్చారని అమర్త్యసేన్ తర్వాత లెక్కలు తీసి చూపించాడు. కూలివాళ్లు, జాలర్లు, పడవలవాళ్లు ముందు పోయారు. భూమీ గింజా లేకుండా రెక్కల మీద బతికేవాళ్లు వాళ్లు.

ఇక్కడ మా వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. యుద్ధం మాకు కొత్త కాదు. లంబాడీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన జాతి. మొఘలు సైన్యాలకు మోశారు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ దండుకూ మోశారు. ఎవరు గెలిచినా మా ఎద్దులకు పని ఉండేది. తర్వాత రైలు వచ్చింది. నల్లమలను తొలుచుకుని దిగువమెట్ట, గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరు దాకా పట్టాలు పడ్డాక ఉప్పు పెట్టెల్లో పోవడం మొదలైంది. గాడిదల మీద ఉప్పు, కరివేపాకు అమ్మిన ఎరుకలవాళ్లదీ అదే గతి. వాళ్లకు ఇంకో దెబ్బ కూడా పడింది. 1911 నుంచి మద్రాసు రాజధానిలో నేరస్థ జాతుల చట్టం వాళ్ల మీద వచ్చిపడింది. పని పోగొట్టినవాళ్లే పనిలేనివాళ్లని నేరం మోపారు. ఈ చట్టం మద్రాసులో రద్దయింది 1947లో. అంటే ప్రపంచానికి స్వేచ్ఛ కోసం అని చెప్పిన ఆ యుద్ధమంతా అది అమల్లోనే ఉంది. ఈ మాట చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యంగానైనా ఉంటే బాగుండేది.

మరి చెంచులు? గడ్డలు తవ్వుకుని, తేనె తీసుకుని, వేటాడుకుని బతికేవాళ్లకు నోటు విలువ పడిపోతే ఏం? తిండి మట్టుకు వాళ్లు అంగడికి దూరం కాబట్టి ఆ దెబ్బ నేరుగా తగలదు. కానీ తేనె, బంక ఇచ్చి గింజలు, గుడ్డ తెచ్చుకునే చెంచుకు మాత్రం తగులుతుంది, ఎందుకంటే మారుబేరంలో తూకం చెప్పేది ఎదుటివాడే. ఆ కాలపు చెంచుల బతుకు మనకు అంత వివరంగా తెలియడానికి కారణమూ యుద్ధమే. హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు యుద్ధం మొదలయ్యేసరికి హైదరాబాదులో ఉన్నాడు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు, అంటే శత్రుదేశస్థుడు. నిజాం ప్రభుత్వం అతణ్ణి గిరిజనుల మధ్య పని చేసుకోనిచ్చింది. కృష్ణకు ఆవలి ఒడ్డున అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. చిల్లు కానీ పుట్టిన ఏడే అది.

రేషను కూడా ఆ యుద్ధం బిడ్డే. 1943లో ధాన్యం విధానం మీద వేసిన కమిటీ పెద్దమనిషికి రోజుకు ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజలు ఇవ్వాలంది. 1946లో దాన్నే పన్నెండు ఔన్సులకు కోశారు. గుడ్డకు 1943లో నియంత్రణ వచ్చింది. పెట్రోలు లేక బస్సులు వెనక బొగ్గు కుంపటి కట్టుకుని ఆ పొగతో నడిచాయి. ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్లట. ఇవాళ మనింట్లో గూట్లో పెట్టుకున్న బియ్యం కార్డుకు తాత అప్పటి కార్డే.

మా నాయనమ్మ కార్డు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కాంచళి మాత్రం ఉంచింది. దాని మీద నాణేల వరస మధ్యలో ఐదుచోట్ల తెగిన దారపు కొనలు ఉండేవి. అవి పాత వెండి రూపాయలు ఉన్న తావులు. ఒక్కొక్కటీ ఏ నెలలో కోసిందో, ఎన్ని సేర్ల జొన్నలకు ఇచ్చిందో వేలు పెట్టి చూపించి చెప్పేది. నాలుగోదానికి వచ్చేసరికి షావుకారు వెండి తూచి ఇచ్చాడని, అయిదోదానికి తూచకుండానే తీసుకున్నాడని. చిల్లు కానీని ఎవరూ అడగలేదు. అందుకని అది మిగిలింది.